పోకీమాన్ గోల్డ్ మళ్లీ ఆడాలనుకుంటే: బ్యాటరీ మార్చడం నుంచి మౌంట్ సిల్వర్ దాకా

బీరువా కింది అరలో, పాత శుభలేఖల కట్ట వెనకాల నా పోకీమాన్ గోల్డ్ అనే పాత వీడియో గేమ్ కార్ట్రిడ్జ్ దొరికింది. 2001లో న్యూజెర్సీ నుంచి సెలవులకి వచ్చిన బాబాయ్ గేమ్ బాయ్ కలర్ అనే చేతి గేమ్ మెషీన్‌తో పాటు తెచ్చిచ్చాడు. విజయవాడలో మా వీధిలో ఇంకెవరి దగ్గరా అలాంటిది లేదు. దాని స్క్రీన్‌కి లోపల లైటు ఉండదు కాబట్టి వెలుతురు కోసం మేడ మెట్ల మీద కూర్చుని ఆడేవాణ్ణి. ఇన్నేళ్ల తర్వాత రెండు కొత్త పెన్సిల్ సెల్స్ వేసి ఆన్ చేశాను. సంగీతం మొదలైంది, హో-ఓ అనే పక్షి ఎగిరింది, ఆ తర్వాత వచ్చిన మెనూలో 'కంటిన్యూ' లేదు. 'న్యూ గేమ్' ఒక్కటే. లెవెల్ 70 దాటిన నా టైఫ్లోజన్, మూడు నెలలు వెంటపడి పట్టుకున్న రైకూ లాంటి పోకీమాన్‌లు (ఆటలో పట్టి, పెంచి, పోటీకి దింపే జీవులు), అన్నీ పోయాయి.

మీకూ ఇదే జరిగి ఉంటే, లేదా చిన్నప్పుడు సగంలో వదిలేసిన ఈ ఆటని ఇప్పుడు తీరిగ్గా పూర్తి చేయాలని ఉంటే, నేను పోయిన ఏడాది ఏం చేశానో వరసగా చెబుతాను. ముందే ఒక మాట చెప్పాలి. ఈ ఆట మొత్తం ఒక గడియారం చుట్టూ కట్టారు. బయట రాత్రయితే ఆటలోనూ రాత్రవుతుంది. శుక్రవారం మాత్రమే కనిపించే పోకీమాన్ ఉంది, మంగళవారం మాత్రమే రోడ్డు పక్కన నిలబడే మనిషి ఉంది. అందుకని ఒక్క వారాంతంలో ముగించేద్దామని కూర్చోకండి. రోజుకి అరగంట, ముప్పావు గంట చొప్పున రెండు మూడు నెలలు పెట్టుకోండి. కింద చెప్పే పనులన్నీ ఆ లెక్క ప్రకారమే చెబుతున్నాను.

ఏ వెర్షన్, ఏ మెషీన్

ఈ ఆటకి గోల్డ్, సిల్వర్, క్రిస్టల్ అని మూడు రూపాలు. గోల్డ్, సిల్వర్ జపాన్‌లో 1999 నవంబర్ 21న వచ్చాయి, అమెరికాలో 2000 అక్టోబర్‌లో. క్రిస్టల్ జపాన్‌లో 2000 డిసెంబర్‌లో, అమెరికాలో 2001లో. మూడింట్లో కథ దాదాపు ఒకటే. గోల్డ్, సిల్వర్ పాత నలుపు తెలుపు గేమ్ బాయ్‌లో కూడా నడుస్తాయి. క్రిస్టల్‌కి గేమ్ బాయ్ కలర్ గానీ, గేమ్ బాయ్ అడ్వాన్స్ గానీ తప్పనిసరి. నింటెండో డీఎస్‌లో ఈ కార్ట్రిడ్జ్‌లు పట్టవు, డీఎస్ ఉందని కార్ట్రిడ్జ్ కొనేయకండి. ఇప్పుడు కొత్తగా మెషీన్ వెతుక్కునేవాళ్లకి నా సలహా గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ. స్క్రీన్‌కి లైటు ఉంటుంది, చార్జింగ్ పెట్టుకోవచ్చు, మడిచి జేబులో వేసుకోవచ్చు.

మూడింట్లో ఏది అంటే నేను గోల్డ్ అంటాను, ఎందుకంటే అందులో మారీప్ ఉంది. వయొలెట్ సిటీ దిగువన రూట్ 32లో దొరికే ఈ గొర్రెపిల్ల లెవెల్ 30కి ఆంఫరాస్ అవుతుంది, ఆట చివరిదాకా తోడుంటుంది. క్రిస్టల్‌లో మారీప్ అడవిలో దొరకదు. దాని బదులు క్రిస్టల్‌లో అమ్మాయిగా ఆడే వీలుంది, యుద్ధం మొదలవగానే పోకీమాన్ బొమ్మ కదులుతుంది, స్వీకూన్ అనే పోకీమాన్ కథ కాస్త ఎక్కువ ఉంటుంది. చెల్లెలికో కూతురికో ఆట పరిచయం చేయాలంటే క్రిస్టల్ బాగుంటుంది.

2009లో జపాన్‌లో వచ్చిన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ఇదే ఆటకి కొత్త రూపాలు, చాలా మంచివి. నింటెండో 3డీఎస్‌లో కూడా 2017 నుంచి గోల్డ్, సిల్వర్ డౌన్‌లోడ్‌కి అమ్మారు గానీ ఆ దుకాణం 2023 మార్చిలో మూసేశారు. కాబట్టి ఇక్కడ పాత కార్ట్రిడ్జ్ గురించే మాట్లాడుకుందాం.

కొనే ముందు నకిలీని పట్టుకోండి

నేను చేసిన తప్పు మీరు చేయకండి. నా గోల్డ్ బాగు చేయించకముందు ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర సిల్వర్ కొన్నాను. మెరిసిపోతోంది, లేబుల్ మీద గీత కూడా లేదు. మూడు జిమ్‌లు (నాయకుణ్ణి ఓడిస్తే బ్యాడ్జి వచ్చే పోటీ స్థలాలు) దాటాక ఒక రోజు పొద్దున ఆన్ చేస్తే సేవ్ లేదు. విప్పి చూస్తే లోపల బ్యాటరీయే లేదు.

అందుకే అమ్మేవాళ్లని మూడు ఫొటోలు అడగండి. మొదటిది లేబుల్‌ని ఏటవాలు వెలుతురులో తీసింది. అసలు లేబుల్ మీద సన్నగా నొక్కిన అంకెల ముద్ర ఉంటుంది, సూటిగా చూస్తే కనపడదు. రెండోది కార్ట్రిడ్జ్ కింది అంచుది. బంగారు పళ్లలా కనిపించే కాంటాక్టులకి కాస్త పైన బోర్డు మీద నింటెండో అన్న అక్షరాల భాగం కనిపించాలి. మూడోది, వాళ్లు ఒప్పుకుంటే, విప్పిన బోర్డుది. అసలు బోర్డు మీద గుండ్రటి బ్యాటరీతో పాటు గడియారం కోసం ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. క్వార్ట్జ్ చేతి గడియారాల్లో ఉండేదీ అదే. అది లేకపోతే ఆటలో రాత్రీ పగలూ మారవు. ఫొటోలు పంపడానికి నసిగేవాళ్ల దగ్గర కొనకండి.

బ్యాటరీ మార్చడం

ఈ కార్ట్రిడ్జ్‌లో సేవ్‌ని నిలబెట్టేదీ, మెషీన్ ఆపేసినప్పుడు గడియారాన్ని నడిపేదీ ఒకే బ్యాటరీ. గడియారం రాత్రింబవళ్లు తింటుంది కాబట్టి గోల్డ్, సిల్వర్, క్రిస్టల్ బ్యాటరీలు అంతకుముందు వచ్చిన పోకీమాన్ రెడ్, బ్లూ ఆటల బ్యాటరీల కంటే త్వరగా అయిపోతాయి. పాతికేళ్ల కార్ట్రిడ్జ్‌లో బ్యాటరీ చచ్చిపోయిందనే అనుకోండి. అనుమానం తీరాలంటే కొత్త ఆట మొదలుపెట్టి, సేవ్ చేసి, ఆపేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున 'కంటిన్యూ' కనిపించకపోతే మార్చాల్సిందే.

మీ పాత సేవ్ ఇంకా బతికే ఉంటే మాత్రం ఆగండి. బ్యాటరీ ఊడదీసిన క్షణంలో ఆ సేవ్ పోతుంది. యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలించే కార్ట్రిడ్జ్ రీడర్లు దొరుకుతాయి. వాటితో ముందు సేవ్ ఫైలు తీసి పెట్టుకుని, కొత్త బ్యాటరీ వేశాక మళ్లీ కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కించండి. చిన్నప్పటి పోకీమాన్‌లు దొరికే అవకాశం ఉన్నప్పుడు ఈ ఖర్చు గురించి ఆలోచించొద్దు. నాకు ఆ అవకాశం లేకపోయింది.

కావలసినవి: 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్, సీఆర్2025 బ్యాటరీ, సోల్డరింగ్ ఐరన్. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో ఈ స్క్రూ రాదు, బలవంతం చేస్తే దాని తల అరిగిపోతుంది. బ్యాటరీ కొనేటప్పుడు రెండు వైపులా లోహపు రేకులు అతికించి ఉన్నదే అడగండి. కిరాణా కొట్లో దొరికే వట్టి బిళ్ల బ్యాటరీ మీద నేరుగా సోల్డరింగ్ చేయకూడదు, వేడికి పగిలే ప్రమాదం ఉంది. సీఆర్2032 కూడా 3 వోల్టులే గానీ మందం ఎక్కువ, మూత సరిగ్గా పడకపోవచ్చు.

నాకు చెయ్యి వణుకుతుందని భయమేసి మా ఇంటి దగ్గర మొబైల్ రిపేర్ షాపుకి తీసుకెళ్లాను. ఆ కుర్రాడు ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. వెనక ఉన్న ఒక్క స్క్రూ తీసి, ముందు భాగాన్ని కిందికి జరిపి పైకెత్తాడు. లోపల అరచేతిలో సగం కూడా లేని పచ్చ బోర్డు, దాని మీద మసకబారిన బిళ్ల. మల్టీమీటర్ పెడితే 3 చూపించాల్సింది 1 కూడా చూపించలేదు. "ఇంత చిన్నదాంట్లోనే మీ ఆట మొత్తం ఉందా అన్నా?" అన్నాడు. ముందు ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు, ప్లస్ ఎటు, మైనస్ ఎటు ఉన్నాయో మర్చిపోకుండా. ఒక రేకు దగ్గర సోల్డర్ కరిగించి లేపాడు, తర్వాత రెండోది. పాత సోల్డర్ శుభ్రం చేసి కొత్త బ్యాటరీ అదే వైపుకి అతికించాడు. మొత్తం పది నిమిషాలు పట్టలేదు.

మీరు సొంతంగా చేసినా ఇదే వరస. ఒకచోట ఐరన్‌ని ఎక్కువసేపు ఆనించకండి, బోర్డు మీద రాగి పొర లేస్తుంది. మూత బిగించే ముందే ఒకసారి సేవ్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి చూసుకోండి. కాంటాక్టులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి. నోటితో ఊదడం చిన్నప్పుడు అందరం చేశాం, ఉమ్మి తడికి లోహం పాడవుతుంది. తీసిన పాత బ్యాటరీని పిల్లలున్న ఇంట్లో బల్ల మీద వదిలేయకండి. బిళ్ల బ్యాటరీ మింగితే లోపల కాలిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

గడియారం పెట్టండి, నిజమైన టైమే పెట్టండి

ఆట మొదలవగానే టైమ్ అడుగుతారు. తర్వాత అమ్మ వారం అడుగుతుంది, డేలైట్ సేవింగ్ టైమ్ ఉందా అనీ అడుగుతుంది. ఇండియాలో ఉన్నవాళ్లు లేదు అని చెప్పండి. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్నవాళ్లు ఆ నెలని బట్టి చెప్పండి.

ఆటలో పొద్దున 4 నుంచి 10 దాకా ఉదయం, 10 నుంచి సాయంత్రం 6 దాకా పగలు, ఆ తర్వాత రాత్రి. ఆఫీసు నుంచి వచ్చి 9 గంటలకి ఆడేవాళ్లకి ఎప్పుడూ హూట్‌హూట్, గాస్ట్లీ లాంటి రాత్రి పోకీమాన్‌లే ఎదురవుతాయి. దాంతో చాలామందికి గడియారాన్ని కాస్త మార్చి పెట్టాలని బుద్ధి పుడుతుంది. వద్దు. ఆదివారం పొద్దున కాఫీతో పాటు పదిహేను నిమిషాలు ఆడండి చాలు, ఉదయం పోకీమాన్‌లు కనిపిస్తాయి. పైగా ఒకసారి పెట్టాక టైమ్ మార్చడం తేలిక కాదు. టైటిల్ స్క్రీన్‌లో కింది బాణం, సెలెక్ట్, బీ బటన్లు కలిపి నొక్కితే మార్చే చోటు వస్తుంది గానీ మీ పేరు, డబ్బు, ఐడీ నంబర్‌ని బట్టి లెక్కగట్టే పాస్‌వర్డ్ అడుగుతుంది. అదే చోట పై బాణం, సెలెక్ట్, బీ కలిపి నొక్కితే సేవ్ మొత్తం చెరిపేయాలా అని అడుగుతుంది. రెండూ కలగాపులగం చేసుకోకండి.

అమ్మ మీ డబ్బులో కొంత దాచిపెడతానంటే ఒప్పుకోండి. యుద్ధంలో ఓడిపోతే చేతిలో ఉన్న డబ్బులో సగం పోతుంది, అమ్మ దగ్గర ఉన్నది మాత్రం పోదు.

ఎవరిని ఎంచుకోవాలి

ఆట మొదట్లో ప్రొఫెసర్ ఎల్మ్ బల్ల మీద మూడు బంతులు ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక పోకీమాన్, ఒకటి మీది. తేలిగ్గా సాగాలంటే నిప్పు పోకీమాన్ సిండాక్విల్. రెండో జిమ్‌లో బగ్సీ పురుగుల్నీ, ఒలివైన్ సిటీ జిమ్‌లో జాస్మిన్ స్టీలిక్స్‌నీ కాల్చేస్తుంది. మొసలిపిల్ల టోటోడైల్‌తో కూడా ఇబ్బంది లేదు, లెవెల్ 30కే చివరి రూపానికి వస్తుంది. చికోరీటా నాకు చాలా ఇష్టం, కానీ మొదటి రెండు జిమ్‌లలో పక్షులూ పురుగులూ ఎదురవుతాయి, రెండూ దానికి గిట్టనివే. దాంతో ఆడాలంటే మిగతా జట్టు గట్టిగా ఉండాలి.

చుట్టుపక్కల దొరికేవాటిని తక్కువ చేయకండి. మొదటి జిమ్‌కి ముందే వయొలెట్ సిటీ పరిసరాల్లో రెండు బెల్‌స్ప్రౌట్‌లు పట్టండి. ఒకటి అదే ఊళ్లో ఒకతనికి ఇస్తే బదులుగా ఓనిక్స్ ఇస్తాడు, మొదటి జిమ్ నాయకుడు ఫాక్నర్ పక్షులు దాన్ని పెద్దగా కదపలేవు. రెండోదాన్ని కట్, ఫ్లాష్ లాంటి దారి తెరిచే పనులకి ఉంచుకోండి. ఈ హెచ్ఎం విద్యలు ఒకసారి నేర్పితే మామూలుగా మరిపించలేరు. మరిపించే మనిషి ఒక్కడే, బ్లాక్‌థార్న్‌లో ఉంటాడు, అది చివరి జిమ్ ఉన్న ఊరు. కాబట్టి మీ ముఖ్యమైన పోకీమాన్‌కి కట్ నేర్పి తర్వాత బాధపడకండి.

ఇంకోటి, ఇప్పటి ఆటలకి అలవాటుపడ్డవాళ్లు దీన్ని మర్చిపోతారు. పట్టినవి దాచే పెట్టె ఒక్కోదాంట్లో 20 పడతాయి. నిండితే అదే తర్వాతి పెట్టెకి మారదు, పోకీమాన్ సెంటర్‌లో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి మీరే మార్చాలి. మార్చకపోతే ఎదురుగా ఎంత అరుదైనది నిలబడినా బంతి విసరలేరు.

విట్నీ మిల్‌ట్యాంక్

గోల్డెన్‌రాడ్ సిటీ చేరాక మూడో జిమ్, నాయకురాలు విట్నీ, ఆమె ఆవు పోకీమాన్ మిల్‌ట్యాంక్. ఇక్కడ దెబ్బ తినని పిల్లలు మా తరంలో లేరు. నేను పదకొండేళ్ల వయసులో ఈ ఆవు దగ్గర వారం రోజులు ఇరుక్కుపోయాను. అది ఏం చేస్తుందో ఇప్పుడు అర్థం చేసుకుని వెళ్తే గంటలో అయిపోతుంది.

మిల్‌ట్యాంక్ లెవెల్ 20. దాని రోలౌట్ దాడిలో మొదటి దెబ్బ చిన్నదే, కానీ వరసగా తగిలేకొద్దీ ప్రతిసారీ బలం రెట్టింపవుతుంది: 30, 60, 120, 240, 480. మధ్యలో అట్రాక్ట్ వాడితే మీ మగ పోకీమాన్ సగం సార్లు కొట్టనే కొట్టదు. కాస్త దెబ్బ తగలగానే మిల్క్ డ్రింక్‌తో కోలుకుంటుంది. మూడూ కలిస్తేనే అది అంత భయంకరం.

అదే ఊళ్లో డిపార్ట్‌మెంట్ స్టోర్ ఐదో అంతస్తులో ఒకరు మాచాప్‌ని మార్పిడికి ఇస్తారు. గోల్డ్, సిల్వర్‌లో డ్రౌజీ ఇవ్వాలి, క్రిస్టల్‌లో ఆబ్రా. డ్రౌజీ ఊరికి దగ్గరే రూట్ 34లో గడ్డిలో దొరుకుతుంది. మాచాప్ కుస్తీ జాతిది, మిల్‌ట్యాంక్‌కి ఆ జాతి దెబ్బలంటే సరిపడదు, రోలౌట్ కూడా మాచాప్‌కి సగమే తగులుతుంది. మీరిచ్చిన డ్రౌజీ లెవెల్ ఎంతో వచ్చే మాచాప్‌ది కూడా అంతే, కాబట్టి ఇచ్చే ముందు డ్రౌజీని కాస్త పెంచితే పని సులువు. తోడుగా గుహల్లో దొరికే జియోడ్యూడ్‌ని తీసుకెళ్లండి. రాయీ మట్టీ కలిసిన జాతి కాబట్టి మిల్‌ట్యాంక్ స్టాంప్ దాడి దాన్ని పెద్దగా కదపదు, రోలౌట్ కూడా సగమే తగులుతుంది. మిగతావాటిలో ఆడవి ఉంటే వాటినే ముందు దింపండి, అట్రాక్ట్ పనిచేయదు.

ఓడిపోయాక విట్నీ ఏడుస్తుంది, బ్యాడ్జి వెంటనే ఇవ్వదు. బయటికి నడవబోతే అక్కడున్న అమ్మాయి ఆపి చెబుతుంది. వెనక్కి వెళ్లి మాట్లాడండి. పదకొండేళ్లప్పుడు నేను బ్యాడ్జి రాలేదనుకుని మెషీన్ ఆపేసి మళ్లీ కొట్టాను.

వారం పట్టీ రాసుకోండి

ఇక్కడినుంచి ఆట తీరు మారుతుంది. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని వారాల పేర్లు రాసుకోండి.

మంగళ, గురు, శనివారాల్లో నేషనల్ పార్క్‌లో పురుగులు పట్టే పోటీ జరుగుతుంది. మీ పోకీమాన్ ఒక్కటే వెంట ఉండాలి, 20 నిమిషాల సమయం, 20 బంతులు. సైథర్ గానీ పిన్సిర్ గానీ దొరికితే మొదటి బహుమతికి మంచి అవకాశం. ఈ ఆటల ఆలోచన మొదట కలిగిన సతోషి తజిరి టోక్యో శివార్లలో మచిదాలో పురుగులు పట్టుకుంటూ పెరిగినవాడు. ఆయన చిన్నతనం తిన్నగా కనిపించేది నా కళ్లకి ఈ పార్కులోనే. తూనీగ తోకకి దారం కట్టిన మనకీ ఇది కొత్తగా అనిపించదు.

శుక్రవారం యూనియన్ కేవ్ అడుగు అంతస్తులో లాప్రాస్ ఉంటుంది. నీళ్ల మీద వెళ్లే సర్ఫ్ వచ్చాక వెళ్లండి. లెవెల్ 20లోనే దొరుకుతుంది, మంచూ నీరూ కలిసిన జాతి, చివర్లో ఛాంపియన్ లాన్స్ డ్రాగన్ల ముందు మీ జట్టుని ఇదే నిలబెడుతుంది. నేను ప్రతి శుక్రవారం రాత్రి భోజనం అయ్యాక గుహలోకి దిగేవాణ్ణి, నాలుగో వారం పట్టాను.

వారంలో ఒక్కో రోజుకి ఒక్కో అన్నదమ్ముడో అక్కచెల్లెలో వేర్వేరు దారుల్లో నిలబడి వస్తువులు ఇస్తారు. ఆదివారం రూట్ 37లో సన్నీ ఇచ్చే మ్యాగ్నెట్‌ని మారీప్‌కి పట్టించండి, కరెంటు దాడుల బలం పెరుగుతుంది. గురువారం రూట్ 36లో ఆర్థర్ దగ్గర హార్డ్ స్టోన్, అది రాతి పోకీమాన్‌కి.

అజేలియా టౌన్‌లో కర్ట్ తాత ఇంటికి రోజూ వెళ్లండి. చెట్ల నుంచి కోసిన ఏప్రికార్న్ కాయ ఇస్తే మర్నాటికి బంతి చేసి పెడతాడు. చెట్లు కూడా రోజుకి ఒక్క కాయే ఇస్తాయి. నీలం కాయతో చేసే లూర్ బాల్ గాలానికి పడ్డవాటిని పట్టడానికి చక్కగా పనిచేస్తుంది. పసుపు కాయతో చేసే మూన్ బాల్ మీద ఆశ పెట్టుకోకండి. ఆట కోడ్‌లో పొరపాటు వల్ల అది మామూలు బంతి కంటే ఏమాత్రం ఎక్కువ పనిచేయదు.

ఎక్రుటీక్ సిటీకి వచ్చాక కాస్త నెమ్మదించండి. ఈ కథ జరిగే జోటో ప్రాంతం మొత్తం జపాన్‌లోని కాన్సాయ్ ప్రాంతం పోలికలో గీశారు, ఎక్రుటీక్ క్యోటో పోలిక, గోల్డెన్‌రాడ్ ఒసాకా పోలిక. కాలిపోయిన గోపురం ఒకటి, నిలిచిన గోపురం ఒకటి, మధ్యలో నాట్యం చేసే అమ్మాయిలు. ఆ ఊరి సంగీతాన్ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

జట్టుకి విద్యలు నేర్పేటప్పుడు

ఇప్పటి పోకీమాన్ ఆటలు తెలిసినవాళ్లకి ఇక్కడే లెక్క తప్పుతుంది. ఈ పాత ఆటలో దాడి శరీర బలంతోనా, స్పెషల్ బలంతోనా అన్నది దాడి జాతిని బట్టి తేలుతుంది. నిప్పు, నీరు, కరెంటు, గడ్డి, మంచు, సైకిక్, డ్రాగన్, డార్క్ జాతుల దాడులన్నీ స్పెషల్. మిగతావన్నీ శరీర బలం. అందుకే గెంగార్‌కి షాడో బాల్ నేర్పితే దాని స్పెషల్ బలం అంతా వృథా, దయ్యం జాతి ఇక్కడ శరీర బలం కింద లెక్క.

అదే లెక్కతో లాభం కూడా ఉంది. గోల్డెన్‌రాడ్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఫైర్ పంచ్, ఐస్ పంచ్, థండర్ పంచ్ టీఎంలు (విద్య నేర్పే వస్తువులు) ఒక్కోటి 3000కి అమ్ముతారు. పేరుకి గుద్దులైనా మూడూ స్పెషల్ దాడులే. టైఫ్లోజన్‌కి థండర్ పంచ్ నేర్పితే నీటి పోకీమాన్‌ల ముందు చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. టోటోడైల్ తీసుకున్నవాళ్లు ఐస్ పంచ్ నేర్పండి, బ్లాక్‌థార్న్ జిమ్‌లో క్లేర్ డ్రాగనేర్‌లు మూడింటికీ అదే మందు. ఆమె చివరి పోకీమాన్ కింగ్‌డ్రాకి మాత్రం మంచు ప్రత్యేకంగా ఏమీ చేయదు, దానికోసం ఆంఫరాస్ లాంటి దిట్టమైనదాన్ని మిగుల్చుకోండి. టీఎం ఒక్కసారే పనిచేస్తుంది. కొనేవి ఎన్నైనా కొనొచ్చు, దారిలో దొరికినవి మాత్రం ఆలోచించి వాడండి.

లేక్ ఆఫ్ రేజ్‌లో ఎర్ర గ్యారడోస్ లెవెల్ 30లో ఎదురొస్తుంది. కొట్టే ముందు సేవ్ చేయండి. పట్టినా ఓడించినా రెడ్ స్కేల్ వస్తుంది, దాన్ని మొదట్లో గుడ్డు ఇచ్చిన మిస్టర్ పోకీమాన్‌కి ఇస్తే యుద్ధంలో దిగని పోకీమాన్‌కి కూడా అనుభవం పంచే ఎక్స్‌పీ షేర్ ఇస్తాడు. తర్వాత చెప్పబోయే లెవెల్ కష్టానికి ఇదే పెద్ద ఊరట, చాలామంది ఇవ్వడం మర్చిపోతారు.

లీగ్ ముందు వచ్చే గోడ

ఈ ఆటలో నాకు నచ్చని భాగం ఇదొక్కటే. క్లేర్ కింగ్‌డ్రా లెవెల్ 40. ఎనిమిది జిమ్‌లు దాటాక వచ్చే చివరి పోటీ లీగ్. అందులో లాన్స్ చివరి డ్రాగనైట్ లెవెల్ 50. మధ్యలో గడ్డిలో ఎదురయ్యేవి 30ల్లో ఉంటాయి, వాటిని కొట్టి లెవెల్ పెంచాలంటే ఓపిక పోతుంది. ఇది మన చేతకానితనం కాదు, ఆటలోనే ఉన్న లోటు. అందుకని ఇలా చేయండి. ఫోన్ నంబర్ ఇచ్చిన ట్రైనర్లు మళ్లీ పోటీకి పిలుస్తుంటారు, పిలిచినప్పుడల్లా వెళ్లండి. జట్టు 38, 40 దగ్గరుండగానే లీగ్‌లోకి దిగండి. ఓడిపోయినా సంపాదించిన అనుభవం పోదు, మళ్లీ వెళ్తే అది తోడవుతుంది. డబ్బు ముందే అమ్మ దగ్గర వేసి ఉంటారు కాబట్టి నష్టమూ తక్కువ. నేను మూడుసార్లు ఓడి, నాలుగోసారి 45 దగ్గర గెలిచాను. లాన్స్ దగ్గర మూడు డ్రాగనైట్‌లు ఉంటాయి, మంచు దాడి వాటికి నాలుగింతలు తగులుతుంది. శుక్రవారాలు గుహలో గడిపినందుకు ఫలితం ఆ రోజు చూశాను.

సముద్రం దాటాక

చాలామంది ఇక్కడ పేర్లు పడగానే ఆపేస్తారు. ఆపకండి. ప్రొఫెసర్ ఎల్మ్ ఓడ టికెట్ ఇస్తాడు. ఒలివైన్ రేవు నుంచి ఎస్.ఎస్. ఆక్వా ఎక్కితే మొదటి తరం ఆటల్లోని కాంటో ప్రాంతం మొత్తం, ఇంకో 8 జిమ్‌లతో సహా, మీ ముందుంటుంది. ఆ తర్వాతి ప్రయాణాలకి వారం చూసుకోవాలి, ఒలివైన్ నుంచి సోమ, శుక్రవారాలు, వెర్మిలియన్ నుంచి బుధ, ఆదివారాలు. ఈ ఆట బొమ్మల్ని ఇంత చిన్న కార్ట్రిడ్జ్‌లో ఇమిడేలా కుదించే సాధనాలు చేసింది సతోరు ఇవాతా. అప్పట్లో హాల్ లాబొరేటరీలో ఉండేవారు, 2002లో నింటెండో అధ్యక్షుడయ్యారు.

కాంటోలో మూడేళ్ల కాలం గడిచిపోయి ఉంటుంది. సినబార్ ద్వీపంలో అగ్నిపర్వతం పేలి ఊరు లేదు, బ్లెయిన్ సీఫోమ్ గుహలో జిమ్ నడుపుతుంటాడు. రెడ్, బ్లూ ఆడినవాళ్లకి అక్కడ గొంతు పట్టేస్తుంది. సోమవారం రాత్రి మౌంట్ మూన్ మీదికి వెళ్లండి, క్లెఫెరీలు గుంపుగా ఆడుతుంటాయి.

16 బ్యాడ్జిలూ వచ్చాక పాలెట్ టౌన్‌లో ప్రొఫెసర్ ఓక్‌తో మాట్లాడితే మౌంట్ సిల్వర్‌కి దారి తెరుచుకుంటుంది. లోపల చీకటి, ఫ్లాష్ వచ్చిన బెల్‌స్ప్రౌట్‌ని వెంట ఉంచుకోండి. శిఖరం మీద పాత ఆటలో మనం నడిపిన కుర్రాడు రెడ్ నిలబడి ఉంటాడు. అతని పికాచూ లెవెల్ 81, స్నోర్లాక్స్ 75, వీనసార్, చారిజార్డ్, బ్లాస్టాయిస్ మూడూ 77, ఎస్పియాన్ 73. మీ జట్టు 60 దాటకుండా వెళ్లకండి. ఫుల్ రిస్టోర్, రివైవ్ సంచి నిండా కొనుక్కోండి, పికాచూకి మట్టి జాతి పోకీమాన్‌ని సిద్ధంగా ఉంచండి. అతని ముందు నిలబడ్డాక 'ఏ' (A) బటన్ నొక్కే ముందే సేవ్ చేయండి.

అతను ఒక్క మాట మాట్లాడడు. మొదట మూడు చుక్కలు, గెలిచాక మళ్లీ మూడు చుక్కలు, తర్వాత ఉండడు. నేను పోయిన సంక్రాంతి సెలవుల్లో అక్కడికి చేరాను, అదే మేడ మెట్ల మీద కూర్చుని. పేర్లు పడ్డాక వెంటనే న్యూజెర్సీకి వీడియో కాల్ చేసి స్క్రీన్ బాబాయ్‌కి చూపించాను. ఆయనకి ఆట గుర్తులేదు గానీ కార్ట్రిడ్జ్ రంగు గుర్తుంది. ఇప్పుడు వాళ్లమ్మాయి కోసం క్రిస్టల్ వెతుకుతున్నాడు. ఏటవాలు వెలుతురులో తీసిన లేబుల్ ఫొటో అడగమని చెప్పాను.